మొదటి రూపాయి పాఠానికా, మనిషికా?

బ్యాంకు పరీక్షల కోచింగ్ అంటే తెలుగునాట ముందు వినిపించే ఊరు నంద్యాల. శ్రీకాకుళం మొదలు అనంతపురం దాకా డిగ్రీ అయిన పిల్లలు పెట్టె సర్దుకుని ఇక్కడ దిగుతారు. సంజీవనగర్, పద్మావతీనగర్ వీధుల్లో హాస్టళ్లు, మెస్సులు, జిరాక్సు అంగళ్లు వాళ్లను నమ్ముకునే నడుస్తాయి. ఆ వీధుల్లో ఇరవై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి, ఇప్పుడు యూట్యూబ్‌లో చెబుతున్న పెద్దాయన ఒకరు. ఆయన అక్క కూతురు, ఆళ్లగడ్డ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం టీచరు. 16,347 పోస్టులతో వచ్చిన 2025 మెగా డీఎస్సీలో ఉద్యోగం తెచ్చుకుంది. ఇద్దరూ ఎప్పుడు కలిసినా ఆన్‌లైన్ చదువు దగ్గర మాట పెరుగుతుంది. గదిలో చెప్పి బతికిన మామ ఫోను పాఠం వైపు. ఫోను ముందు కూర్చుని చదివి గట్టెక్కిన కోడలు గది వైపు. నంద్యాలలో వాళ్లింటి వరండాలో నేను విన్న మాటలివి. నాకు తోచినది అక్కడక్కడా కలుపుతాను.

మామ: ముందు ఒక లెక్క విను పాపా. క్లర్కు ప్రిలిమ్స్‌లో లెక్కలు 35, టైము 20 నిమిషాలు. ప్రశ్నకు ముప్పై నాలుగు సెకన్లు. తప్పు పెడితే పావు మార్కు కోత. ఈ వేగం బడిలో రాదు, కాలేజీలో రాదు. ఒకప్పుడు ఇది కావాలంటే నంద్యాలకు వచ్చి తీరాల్సిందే. హాస్టలు అద్దె, మెస్సు బిల్లు, ఫీజు కలిపితే రైతు ఇంట్లో ఎంత పోతుందో నాకు తెలుసు. శనగలు అమ్మి ఆ డబ్బు అట్లే తెచ్చి కౌంటర్లో పెట్టిన నాయనలను చూసినాను. వచ్చినవాళ్ల సంగతి ఇది. రానివాళ్లు ఎంతమంది? ఆడబిడ్డను ఒక్కదాన్నే హాస్టల్లో పెట్టం అని తలుపేసుకున్న ఇళ్లు ఎన్ని? ఇప్పుడు అదే పాఠం రుద్రవరంలో పిల్ల మిద్దె మీద కూర్చుని వింటోంది. పైసా ఖర్చు లేదు, ఇల్లు కదిలే పని లేదు. ఇంతకంటే ఏం కావాలి చెప్పు?

కోడలు: ఆ మిద్దె మీద కూర్చున్నది నేనే మామా. అందుకే చెబుతున్నాను. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా, సగం పాఠం అయ్యేసరికి చార్జింగ్ ఎర్రగా మినుకుమంటుంది. అదంతా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఇంకొకటి. కటకాల పాఠం గుర్తుందా నీకు? ఒకటి బై వి మైనస్ ఒకటి బై యు. వస్తువు కటకానికి ఎడమ పక్క ఉంది కాబట్టి యు విలువకు మైనస్ పెట్టాలి. సూత్రంలో ఉండే మైనస్ ఒకటి, దూరానికి పెట్టే మైనస్ ఇంకొకటి. నేను రెండూ ఒకటే అనుకుని ఒకదాన్ని వదిలేస్తూ వచ్చాను. ప్రతి లెక్కా తప్పే. వీడియో వెనక్కి తిప్పి చూస్తాను, ఆయన సరిగ్గానే చెబుతాడు. చూసిన ప్రతిసారీ నాకు అర్థమైనట్టే ఉంటుంది. పుస్తకం మీదికి వచ్చేసరికి మళ్లీ తప్పు. చివరికి బస్సెక్కి నంద్యాల వచ్చి, డిగ్రీలో నాకు చెప్పిన మేడం ముందు నోటు పుస్తకం పెట్టాను. ఆమె పాఠం మళ్లీ చెప్పలేదు. నా రెండో లైను మీద పెన్ను ఆనించి, "ఈ మైనస్ యాడికి పోయింది?" అన్నది. అయిపోయింది. ఆ పెన్ను ఫోనులో ఎట్లా వస్తుంది?

మామ: గదిలో మాత్రం వస్తుందా? నా గది చూసినావు కదా. మైకు పెట్టి చెబితే గాని వెనక బెంచీలకు వినపడదు. బోర్డు మీద నేను రాసేది ఆఖరి వరసకు కనబడక పక్కవాడి నోట్సు చూసి రాసుకునేవాళ్లు. ఇన్నేళ్లలో చేయెత్తి సందేహం అడిగినవాళ్లను తలచుకుంటే ముఖాలు గుర్తొస్తాయి, అంత తక్కువ. ఆడపిల్లలైతే మరీ. అడిగితే నవ్వుతారని భయం. తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లిష్ మీడియం పిల్లల ముందు నోరు రాదు. నువ్వు చెప్పే గది, మనిషి మనిషిని చూసే గది, అది నంద్యాలలో ఎప్పుడూ లేదు. అది డబ్బున్నవాళ్ల ఇళ్లలో ట్యూషన్‌లో ఉండింది. వెనక బెంచీ పిల్లకు గదిలో లేనిది ఫోనులో ఒకటి ఉంది. ఆపి, వెనక్కి తిప్పి, సిగ్గుపడకుండా పదిసార్లు వినొచ్చు.

ఇక్కడ మామ మాటలో నిజం ఉందని నాకు అనిపించింది. కోచింగ్ సెంటర్ల గురించి రాసేవాళ్లం గురుశిష్యుల ముచ్చట్లే రాస్తాం, వెనక వరస సంగతి ఎత్తం. కోడలు కూడా వెంటనే జవాబు చెప్పలేదు. లోపలికి పోయి తన బడి పిల్లల నోటు పుస్తకాల సంచీ తెచ్చింది.

కోడలు: సరే, నీ వెనక బెంచీ పిల్లనే తీసుకుందాం. నువ్వు వీడియోలో 37.5 శాతం అంటే 3/8 అని బట్టీ పట్టిస్తావు. 800లో 37.5 శాతం ఎంత అంటే టక్కున 300. ముప్పై నాలుగు సెకన్లు కాదు, మూడు సెకన్లు. బాగుంది. ఇదిగో, ఇది చూడు. తొమ్మిదో తరగతి పిల్లోడు. 3/8 కి 1/2 కలపమంటే 4/10 అని రాసినాడు. పైవి రెండూ కలిపినాడు, కిందివి రెండూ కలిపినాడు. వీడొక్కడే కాదు, ఈ కట్టలో చానా మంది ఇట్లే రాసినారు. వీళ్లే రేపు డిగ్రీ అయ్యాక నీ పాఠం చూస్తారు. 3/8 అని పదిసార్లు కాదు, నూరుసార్లు వెనక్కి తిప్పి వింటారు. భిన్నం అంటే ఏమిటో తెలియదనే సంగతి నీ వీడియోకు ఎట్లా తెలుస్తుంది? వాళ్లకూ తెలియదు. తెలియదని తెలిస్తే కదా వెతుక్కునేది.

మామ: 4/10... ఇది అయిదో తరగతిలో పోవాల్సిన తప్పు.

కోడలు: అయిదో తరగతిలో ఎవరూ పెన్ను ఆనించలేదు కాబట్టి మిగిలింది.

మామ: మరి బడి ఉండీ మిగిలింది కదా పాపా? గదీ ఉంది, టీచరూ ఉన్నాడు. తప్పును గది మీద కూడా వెయ్యి మరి.

కోడలు: వేస్తాను. ఈ పిల్లోడు కరోనా వచ్చినప్పుడు చిన్న తరగతిలో ఉన్నాడు. 2020 మార్చిలో బళ్లు మూసినారు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేసినారు, విద్యామృతం అన్నారు, విద్యా వారధి అన్నారు. పాఠాలు చెప్పినవాళ్లు మంచి టీచర్లే, నేను కాదనను. పొద్దున ఆ టైముకు ఇంట్లో కరెంటు ఉండాలి, టీవీ ఉండాలి, అమ్మానాన్న పొలానికి పోతే పిల్లోడిని దాని ముందు కూర్చోబెట్టే మనిషి ఉండాలి. ఆ ఏడు పల్లె చదువుల మీద చేసిన అసర్ సర్వేలో బడి పిల్లల ఇళ్లలో నూటికి 62 ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నట్టు తేలింది, రెండేళ్ల ముందు 37 కూడా లేదు. పేపర్లలో గొప్పగా వేసినారు. ఇంట్లో ఫోనుండటం వేరు, పిల్లోడి చేతిలో ఉండటం వేరు. ఆ ఫోను నాయన జేబులో ట్రాక్టరు మీద తిరుగుతా ఉంటుంది. అహోబిలం దాటి నల్లమలలో చెంచు గూడేల మాట నేను ఎత్తనే లేదు, అక్కడ ఫోనున్నా సిగ్నల్ కోసం గుట్టెక్కాలి.

మామ: అది పేదరికం తప్పు, ఆన్‌లైన్ తప్పు కాదు.

కోడలు: డబ్బుంటే తీరుతుందా? మా అన్నను అడుగు. కువైట్‌లో ఒక ఇంటికి డ్రైవరు కదా. 2020 మార్చిలో అక్కడా బళ్లు మూసినారు. మరుసటి ఏడు సర్కారు బళ్ల క్లాసులన్నీ ఆన్‌లైన్‌లోనే. పొద్దున పిల్లలను బడికి దింపడమే వాడి మొదటి డ్యూటీ, ఏడాదిన్నర ఆ డ్యూటీ లేదు. ఆ ఇంట్లో ఒక్కో పిల్లకు ఒక్కో గది, ఏసీ, ట్యాబు, ఆగని నెట్టు. పిల్లోడు కెమెరా ఆపి పడుకునేవాడంట. వాళ్లమ్మ వాడిని లేపమని పనిమనిషిని పంపేది. ఆ పనిమనిషి మన రాజంపేట పక్క ఆమె. సొంత పిల్లలు ఇక్కడ టీవీ పాఠం ముందు ఉన్నారో లేదో తెలియని ఆమె, అక్కడ ఆ పిల్లోడిని లేపి క్లాసు ముందు కూర్చోబెట్టింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కడప, అన్నమయ్య జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయిన తల్లుల పిల్లలు ఆ రెండేళ్లు ఏం చదివారో ఎవరూ లెక్క తీయలేదు. తీయాల్సింది.

మామ: నువ్వు ఎత్తినావు కాబట్టి ఆ అరబ్బుల సంగతే మాట్లాడదాం. మీ అన్న చెప్పింది విన్నాక నేను కూర్చుని అవన్నీ చూసినాను. ఇరవై రెండు దేశాలకు ఒకటే రాతభాష. వాళ్లకు మన బాధే. పై చదువు, సైన్సు అంతా ఇంగ్లిష్‌లో, లేకుంటే ఫ్రెంచిలో. నెట్టు వచ్చిన కొత్తల్లో మంచి పాఠాలన్నీ ఇంగ్లిష్‌వే. వాళ్లు ఊరికే కూర్చోలేదు. ఈజిప్టులో 2012లో నఫ్హమ్ అని మొదలుపెట్టి బడి సిలబస్‌ను వీడియోలుగా చేసినారు. సౌదీలో 2013లో రవాక్ వచ్చింది. జోర్డాన్ రాణి రానియా ఫౌండేషన్ 2014లో ఎద్రాక్ పెట్టింది, కాలేజీ స్థాయి కోర్సులు, అరబ్బీలో, ఉచితంగా. దుబాయ్ వాళ్లయితే 2017లో పిలుపిచ్చి జనాన్ని పోగుచేసి, కోటీ పది లక్షల మాటల పాఠాలను అరబ్బీలోకి మార్చి, మరుసటి ఏడు మద్రసా పేరుతో 5,000 వీడియోలు పెట్టినారు. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ. సిరియా నుంచి పారిపోయి గుడారంలో ఉన్న పిల్లోడైనా ఫోనుంటే తన భాషలో సైన్సు వినొచ్చు. అది చిన్న సంగతా?

కోడలు: చిన్న సంగతి కాదు. మరి అదే ఈజిప్టు సంగతి పూర్తిగా చెప్పు. 2019లో హైస్కూలు పిల్లలకు లక్షల ట్యాబులు పంచి పరీక్ష వాటిలోనే పెడితే సర్వరు కూలింది, పిల్లలు రోడ్డెక్కినారు. అంత ఆన్‌లైన్ వచ్చాక అక్కడ ట్యూషన్ సెంటర్లు మూతపడినాయా? పడలేదు. అక్కడా ఒక్కో పేరున్న మాస్టారు హాల్లో వందలమందికి మైకులో చెబుతాడు, అచ్చం మీ నంద్యాల మాదిరే. వీడియో ఉచితంగా ఉన్నా తల్లిదండ్రులు అప్పు చేసి మనిషి దగ్గరికి పంపుతున్నారు. ఎందుకో ఆలోచించు.

మామ: పరీక్ష భయంతో పంపుతారు. నీకు ఈజిప్టు దాకా ఎందుకు, మన ట్యాబులే ఉన్నాయి కదా. 2022 డిసెంబరు 21న మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి అయిదు లక్షలకు పైగా ట్యాబులు ఇవ్వడం మొదలైంది, లోపల బైజూస్ పాఠాలు. 2024 జూలైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి పోయింది. ఇందులో నాకు కోపం ట్యాబు మీద కాదు. పాఠాన్ని మన సొంతం చేసుకోకుండా అరువు తెచ్చుకున్నందుకు కోపం. ఎనిమిది కోట్లకు పైగా తెలుగు మాట్లాడేవాళ్లం, 2011 లెక్కలో. జోర్డాన్ జనాభా మనలో ఎన్నో వంతు? వాళ్లకు ఎద్రాక్ ఉంది. మనకేముంది? యూట్యూబ్‌లో నా వంటి వాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు చేసిన ముక్కలు. అందులో సగం ఇంగ్లిష్ బోర్డు మీద, తెలుగు నోట్లో. బ్యాంకు పరీక్షకు మంచి ఉచిత పాఠం కావాలంటే చానా వరకు హిందీలో వెతుక్కోవాలి. గ్రామీణ బ్యాంకుల పరీక్ష తెలుగులో రాయొచ్చని 2019లో చెప్పినారు. క్లర్కు పరీక్ష ప్రిలిమ్స్, మెయిన్స్ రెండూ పదమూడు ప్రాంతీయ భాషల్లో కూడా పెట్టాలని 2021లో కేంద్ర ఆర్థిక శాఖ చెప్పింది. ప్రశ్నపత్రం తెలుగులోకి వచ్చింది, పాఠం రాలేదు. 1968లో తెలుగు అకాడమీ పెట్టి డిగ్రీ పుస్తకాలు తెలుగులో అచ్చేసిన రాష్ట్రం మనది. ఆ పట్టుదల వీడియో కాలానికి యాడ పోయింది?

ఈ మాట అన్నప్పుడు మామ గొంతు పెరిగింది. ఆయన రికార్డు చేసుకునేది పడకగదిలో, గోడకు తెల్ల బోర్డు బిగించి, కిటికీ మూసి, చప్పుడవుతుందని ఫ్యాను ఆపి. ఎండాకాలం నంద్యాలలో ఫ్యాను ఆపి గంట నిలబడటం ఎంత కష్టమో ఈ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు.

కోడలు: కేంద్రం వాళ్లు చేస్తున్నారు కదా. ఐఐటీ పాఠాల కోసం ఎన్‌పీటీఈఎల్ 2003లో మొదలైంది, స్వయం 2017లో వచ్చింది. ఇప్పుడు కొన్నింటిని తెలుగులోకి మారుస్తున్నారు. బడి పుస్తకాల మీద క్యూఆర్ కోడ్ ఉంది, స్కాన్ చేస్తే దీక్షా పాఠం వస్తుంది.

మామ: మారుస్తున్నారు, నేను చూసినాను. చూసి నిద్రొచ్చింది. ఇంగ్లిష్‌లో చెప్పినదాన్ని మిషన్ చేత తెలుగు చేయించి కింద అక్షరాలు వేస్తే పాఠం కాదు. మనవాడు మనవాళ్ల కోసం మొదటి నుంచీ తెలుగులో ఆలోచించి చెబితే పాఠం. వడ్డీ లెక్క చెప్పాలంటే నేను మార్వాడీ అంగడి, డ్వాక్రా అప్పు పోల్చి చెబుతాను. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు రెండు, ఏడాదికి ఇరవై నాలుగు శాతం. పల్లెలో ఇది తెలియని పిల్లలు ఉండరు. అక్కడ మొదలుపెడితే చక్రవడ్డీ దాకా వాళ్లే నడిచొస్తారు. ఢిల్లీ పాఠం అట్లా మొదలుకాదు.

కోడలు: అక్కడ నీతో నాకు గొడవ లేదు. పాఠం తెలుగులో పుట్టాలి. పాఠం ఉంటే చాలంటావే, అక్కడే. అమ్మ సంగతి మర్చిపోయినావా?

మామ: మీ అమ్మ సంగతి నాకు నువ్వు చెప్పాలా? మా అక్క కదా. పదో తరగతి కాగానే పెళ్లి చేసినారు. ఇంటరు లేదు. ఓపెన్ యూనివర్సిటీ అర్హత పరీక్ష రాసి బీఏలో చేరింది. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మనది పాపా, 1982. ప్రొఫెసర్ జి. రాంరెడ్డి మొదటి వైస్ ఛాన్సలర్, ఆయననే తరువాత ఇగ్నో పెట్టడానికి పిలుచుకున్నారు. మీ అమ్మకు పుస్తకాలు పోస్టులో వచ్చేవి. తెలుగులో, తనంతట తాను చదువుకునేట్టు రాసినవి. మిమ్మల్ని పడుకోబెట్టి రాత్రి చదివేది. నేను చెప్పేదీ అదే. పాఠం ఇంటికి వచ్చింది, ఆమె చదివింది, పట్టా వచ్చింది. ఈ రోజు పోస్టుకు బదులు ఫోను, అంతే.

కోడలు: అంతేనా? ఆదివారాలు ఎవరు చెబుతారు? స్టడీ సెంటర్లో క్లాసులుండేవి. ఆ ఒక్క రోజు కోసం శనివారం రాత్రే సద్ది చేసి పెట్టేది, నన్ను జేజి దగ్గర వదిలి పొద్దున్నే బస్సెక్కేది. పుస్తకంలో అర్థంకాని చోట్ల పెన్సిలుతో గీతలు గీసుకుని పోయేది, సాయంత్రం వచ్చేసరికి ఆ గీతలు చెరిపేసి ఉండేవి. ఆ పుస్తకాలు ఇంకా ఉన్నాయి, చెరిపిన మచ్చలు కనబడతాయి. అక్కడ తనలాగే పెళ్లయి, పిల్లలున్న ఆడవాళ్లు నలుగురు పరిచయమైనారు. పరీక్ష ముందు భయపడి మానేస్తానంటే వాళ్లలో ఒకామె ఇంటికి వచ్చి కూర్చున్నది. నువ్వు పోస్టు చూస్తున్నావు, నేను ఆదివారం చూస్తున్నాను.

నా మాట ఇక్కడ చెబుతాను. సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని ఈ దేశానికి మొదట చూపించినది తెలుగువాళ్లే. అది నిలబడింది రెండు కాళ్ల మీద: తెలుగులో రాసిన పాఠం ఒకటి, వారానికి ఒకసారి ఎదుట కూర్చునే మనిషి ఒకటి. దాన్ని కట్టినవాళ్లకు రెండోది లేకుంటే మొదటిది పెట్టెలోనే ఉండిపోతుందని తెలుసు. ఇంటర్నెట్ వచ్చాక మనం మొదటి కాలును కంపెనీలకు అప్పగించాం, రెండో కాలును ఖర్చు కింద లెక్కగట్టి తీసేశాం. అరబ్బు దేశాలు మొదటి కాలును సొంతంగా కట్టుకున్నాయి, ఆ మేరకు మనకంటే ముందున్నాయి. రెండోదానికి అక్కడి ఇళ్లూ ట్యూషన్ సెంటర్ల చుట్టే తిరుగుతున్నాయి. మామాకోడళ్లకు తగవు ఎక్కడో కాదు, ఏ కాలు ముందు అన్న దగ్గర.

మామ: సరే, ఆదివారం ఉంది. ఇప్పుడు ఆ ఆదివారానికి మనిషి యాడ దొరుకుతాడు? చేతిపని కూడా మారిపోతోంది. మీ ఆళ్లగడ్డ శిల్పులనే చూడు. ఆర్డర్లు వాట్సాప్‌లో వస్తాయి, విగ్రహం ఎట్లా కావాలో ఫొటో ఫోనులో వస్తుంది. కుర్రవాళ్లు తమిళనాడు శిల్పుల పని వీడియోల్లో చూసి నేర్చుకుంటున్నారు.

కోడలు: చూస్తున్నారు. నా దగ్గర చదివే పిల్లోడి నాయన శిల్పి, అడిగినాను. చూస్తే కొత్త నమూనా తెలుస్తుందన్నాడు, ముఖం మటుకు రాదన్నాడు. ముక్కు దగ్గరికి వచ్చేసరికి ఉలి ఎంత వాల్చాలో పెద్దాయన మణికట్టు పట్టుకుని చూపిస్తేనే వచ్చిందంట. ఒక దెబ్బ ఎక్కువైతే రాయి మొత్తం పోతుంది. రాతికి ఉన్న విలువ మన పిల్లోడి నోటు పుస్తకానికి లేదా?

మామ: విలువ ఉంది. జీతం యాడిది? నేను అడిగేది లెక్కల మాస్టారుగా అడుగుతున్నాను. ప్రభుత్వం దగ్గర ఒక రూపాయి ఉంది అనుకో. పాఠం మీద పెడితే ఒకసారి పెట్టు చాలు, లక్షమంది చూసినా అదే ఖర్చు, పది లక్షలమంది చూసినా అదే ఖర్చు. మనిషి మీద పెడితే ప్రతి నెలా పెట్టాలి. ఇంకో ప్రభుత్వం వస్తే మొదట ఆపేది ఆ నెల జీతమే. ఎన్ని వలంటీర్ల పథకాలు వచ్చి పోలేదు? పాఠం ఉంటుంది, ఎవరూ తీసేయలేరు.

కోడలు: ఉండదు మామా. 2024-25లో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది. అంతకు ముందు చేసిన వీడియోల్లో సగం పక్కన పెట్టాల్సి వచ్చింది, పాఠాల వరసే మారింది. మీ బ్యాంకు పరీక్ష మాదిరి ఎప్పుడు మారుతుందో ఎవరికీ తెలియదు. పాఠం కూడా నెలనెలా జీతం అడుగుతుంది, నువ్వు నీ ఫ్యాను ఆపి చేస్తున్నావు కాబట్టి కనబడటం లేదు. ఇక మనుషులు లేరన్నావు. నంద్యాల హాస్టళ్లు ఖాళీ చేసి ప్రతి ఏడూ ఎంతమంది ఊళ్లకు తిరిగిపోతున్నారు? ఒకటి రెండు మార్కుల్లో ఉద్యోగం పోయిన పిల్లలు. లెక్కలు వచ్చు, రీజనింగ్ వచ్చు, పొద్దంతా ఇంట్లో మాట పడుతుంటారు. సాయంత్రం రెండు గంటలు బడి తెరిచి, వాళ్లకు గౌరవవేతనం ఇచ్చి, తొమ్మిది, పది తరగతుల పిల్లల పక్కన కూర్చోబెట్టు. ట్యాబులున్న చోట ట్యాబులు తియ్యి, నీ వీడియోనే వెయ్యి. ఆపిన చోట వాళ్లు పెన్ను ఆనిస్తారు.

మామ: ఉద్యోగం రాగానే పోతారు.

కోడలు: పోనీ. వాళ్ల వెనక ఇంకొకరు వస్తారు. ఉద్యోగం వచ్చి పోతే మంచిదే కదా.

మామ: వాళ్లకు చెప్పడం వస్తుందా? ప్రశ్నకు జవాబు తెలియడం వేరు, 4/10 రాసినవాడికి చెప్పడం వేరు. నాకే ఏళ్లు పట్టింది. మళ్లీ నా దగ్గరికే వస్తున్నావు పాపా. ఆ పిల్లలు చెప్పాలన్నా ముందు తెలుగులో మంచి పాఠం ఉండాలి. అది చూసి వాళ్లు నేర్చుకుని చెబుతారు. అందుకే మొదటి రూపాయి పాఠానికి అంటాను.

కోడలు: అయితే ఒక పని చెయ్యి. 37.5 శాతం, చక్రవడ్డీ, రైళ్ల లెక్కలు అన్నీ చేసినావు. భిన్నాలు ఎందుకు చేయలేదు? అయిదో తరగతి భిన్నాలు, మొదటి నుంచీ, రొట్టె కోసి చూపించే దగ్గర నుంచి.

మామ: ఎవరు చూస్తారు? షార్ట్‌కట్ అని పేరు పెడితే రాత్రికి వేలమంది చూస్తారు. భిన్నాలు అంటే బ్యాంకు పిల్లలు తక్కువతనం అనుకుంటారు. నాకు భిన్నాలు రావు అని ఒప్పుకుని ఆ వీడియో నొక్కేవాడు ఉండడు.

కోడలు: చూసినావా, నీ నోటితో నువ్వే చెప్పినావు. తనకు రాదని తనకు తానుగా నొక్కేవాడు ఉండడు. పక్కన ఒకరుండి, "రా, ఇది చూద్దాం" అనాలి. నువ్వు చెయ్యి. మా తొమ్మిదో తరగతికి నేను వేస్తాను, పక్కన నిలబడతాను.

మామ: చేస్తాను. ఈ వారమే చేస్తాను. నీ బడిలో నువ్వు నిలబడతావు. నువ్వు లేని బడుల సంగతి ఏమి?

కోడలు: నేను ఇంతసేపూ అడుగుతున్న రూపాయి దానికే కద మామా.